సారెలో కొసరు

తెల్లవారుజామున గట్టు మీద పడేసిన చేప మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా చావలేదంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. జగదాంబకి మరీ మండింది. ఎండుగడ్డిలో పడి, ఒంటినిండా మట్టి పూసుకుని, అది ఇంకా మొప్పలు ఆడిస్తూనే ఉంది. జానెడున్నర పొడుగు. పొలుసులు లేవు, వాటి బదులు ఒళ్లంతా ఎముకల్లాంటి గట్టి బిళ్లలు. నల్లటి ఒంటి మీద పసుపుపచ్చ గీతలు. నోరు పొట్ట వైపున, గుండ్రంగా. వీపు మీద ఒకటి, చెరో పక్కా ఒకటి, మొత్తం మూడు ముళ్లు. ఈ చేప వలలో పడిందంటే వలకి చేప చిక్కినట్టు కాదు, చేపకే వల చిక్కినట్టు. విడదీసేసరికి వల పీలికలైపోతుంది. కూరకి పనికిరాదు, కుక్క ముట్టదు, పిల్లి వాసన చూసి వెళ్లిపోతుంది. ఇలాంటిదాన్ని దేవుడు ఎందుకు పుట్టించాడో గాని, ఈతలవలస చెరువు రాణీసాగరానికి మాత్రం తెచ్చిపెట్టింది జగదాంబే. అదే ఆవిడ బాధ.

"ఇంకా ఊపిరాడతన్నాదేటి వొదినా?" బండి ఆపి, కాలు కింద పెట్టి అడిగాడు బాలకృష్ణ. ఊరి సర్పంచి, ఆవిడ మొగుడికి చిన్నాన్న కొడుకు. "జగదాంబ గదా, అంత బేగి సావదులే!"

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఊళ్లో ఆ చేప పేరు జగదాంబ. పేపర్లలో దెయ్యం చేప అని రాస్తారు, ఆఫీసువాళ్లకి ఇంకేదో ఇంగ్లీషు పేరుంది, కాని ఊరు పెట్టిన పేరు ముందు అవేవీ నిలవలేదు. వల లాగినవాళ్లు "ఈ పూట ఆరు జగదాంబలు పడినాయి" అంటారు. "జగదాంబలు గట్టు తవ్వేత్తన్నాయి" అంటారు. ఇద్దరు కూతుళ్లకి పెళ్లిళ్లు చేసి, వరిమడులూ జీడితోటా దగ్గరుండి చేయించుకునే మనిషికి యాభై రెండో ఏట ఊరు ఇచ్చిన బిరుదు ఇది. మొదట్లో తిట్టింది. తిట్టినకొద్దీ పేరు ముదిరింది. ఇప్పుడు తిట్టడం మానేసింది గాని, ఆ పేరు చెవిన పడినప్పుడల్లా కడుపులో కారం పోసినట్టే ఉంటుంది.

"నానేటి, కావాలని తెచ్చినానా?" అని ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. నిజమే, కావాలని తేలేదు. కొసరుకి తెచ్చింది.

ఆ సంగతి తెలియాలంటే ముందు పిట్టల సంగతి తెలియాలి. ఏటా వానలు వెనకపట్టే రోజుల్లో టెక్కలి దాటి సముద్రం వైపు వచ్చే ఊళ్ల మీద గూడబాతులు దిగుతాయి. ముక్కు కింద ఇంత సంచీ వేలాడేసుకుని, గుంపులు గుంపులుగా వచ్చి, ఈతలవలస చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, మాఘమాసం దాటాక ఎగిరిపోతాయి. ఆ నాలుగైదు నెలలూ ఊరంతా నీచు కంపు. ఆరేసిన బట్టల మీద రెట్ట, కళ్లంలో ధాన్యం మీద రెట్ట, బయట కూర్చున్న ముసలాళ్ల నెత్తి మీద రెట్ట. అయినా ఎవరూ నోరెత్తరు. అవి పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. ఆడపిల్ల ఇల్లు పాడుచేసిందని ఎవరైనా అంటారా? దీపావళికి ఆ ఊళ్లో ఒక్క టపాకాయ పేలదు. గూట్లోంచి పిల్ల జారిపడితే నిచ్చెన వేసి మళ్లీ గూట్లో పెట్టేదాకా అన్నం ముట్టని ఇల్లాళ్లున్నారు.

ఆడపిల్ల వచ్చినప్పుడు పెట్టుపోతలు ఉండాలి. మొదటి పిట్ట వాలిన వారంలో మంచిరోజు చూసి, ఆ ఏడు వంతు వచ్చిన ఇంటి ఇల్లాలు పసుపూ కుంకుమా పట్టుకుని, డప్పుల వెంట చెరువుకి వెళ్లి బిందెడు బతికిన చేపల్ని నీళ్లలో వదులుతుంది. దాన్ని పిట్టల సారె అంటారు.

జగదాంబ అత్తగారి కాలంలో ఆ చేపలు ఊరి మడుల్లో పట్టిన పరిగెలూ జెల్లలూ. తర్వాత బిందె పోయి గంగాళం వచ్చింది. గంగాళం పోయి డ్రమ్ము వచ్చింది. ఒకావిడ ఒక డ్రమ్ము వదిలితే, మరుసటి ఏడు ఇంకొకావిడ రెండు వదిలింది. పేరు పిట్టలది, గొప్ప మనుషులది. మూడేళ్ల కిందట వంతు జగదాంబకి వచ్చింది. నాలుగు డ్రమ్ములకి తగ్గేది లేదంది. అన్ని చేపలు మడుల్లో ఎక్కడ దొరుకుతాయి? ఎక్కడో దక్షిణాన చెరువుల నుంచి చేపపిల్లలు తెచ్చి అమ్ముకునే వ్యాన్‌వాడు టెక్కలి రోడ్డులో కనిపిస్తే, ఊళ్లోకి పిలిపించింది.

బేరం కుదిరింది. నాలుగు డ్రమ్ముల బొచ్చె పిల్లలు దిగాయి. ఇక మిగిలింది కొసరు. కూరలవాడు గుప్పెడు కరివేపాకు వెయ్యందే గుమ్మం దిగనివ్వని మనిషి జగదాంబ. గాజులు వేయించుకుంటే ఒక గాజు కొసరు, విత్తనాలు కొంటే గుప్పెడు కొసరు. కొసరు రాని బేరం ఆవిడ దృష్టిలో ఓడిపోయిన బేరం.

"కొసరెయ్యి బాబూ" అంది.

"పిల్లలైపోయాయమ్మా. తొట్టెలు ఖాళీ."

"పిట్టల సారెకి కొసరెయ్యకపోతే నీకు పున్నెం ఎలగొత్తాది? సూడు, అడుగునేటో కదుల్తన్నాయి."

వ్యాన్‌వాడు విసుక్కుంటూ తొట్టెలోకి వంగి, గోడలకి కరుచుకున్న చిన్న చిన్న గోధుమరంగు పిల్లల్ని గీకి బకెట్టులోకి వేశాడు. "ఇవి పాచి తింటాయిలే, చెరువు శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. వేలెడేసి లేవు. ఒంటి మీద చుక్కలు చుక్కలుగా ముచ్చటగా ఉన్నాయి. సారెకి బకెట్టెడు కొసరు రాబట్టిన ఇల్లాలు అంతకుముందు ఊళ్లో లేదు. జగదాంబ ఆ బకెట్టు తనే మోసుకెళ్లి, డప్పులు మోగుతుంటే, తన చేత్తోనే నీళ్లలోకి వంచింది.

మొదటి ఏడు ఏమీ తెలియలేదు. రెండో ఏడు మట్టగిడసలు పల్చబడ్డాయి. మిగతా చేపలు రాళ్లకీ నాచుకీ పెట్టిన గుడ్లని ఈ చేప పాచితోపాటు నాకేస్తుంది. నాచు పోయింది. నాచులో బతికే పురుగు పోయింది, పురుగుని తినే పరిగె పోయింది, పరిగెని తినే కొర్రమీను పోయింది. తన గుడ్లు మాత్రం అది భద్రంగా గట్టులో మూరెడు లోతు బొరియ తవ్వి అందులో పెట్టుకుని, వాకిట్లో కాపలా కాస్తుంది. బొరియల మీద బొరియలు పడి, రాణీసాగరం గట్టు జల్లెడలా తయారైంది. మూడో ఏటికి నీళ్లు ఎప్పుడు చూసినా బురదరంగే.

అదంతా ఒక ఎత్తు. పోయిన పుష్యమాసంలో జరిగింది ఒక ఎత్తు.

ఆ ఉదయం జగదాంబ పెరట్లో చింతచెట్టు కింద ఒక గూడబాతు పడి రెక్కలు కొట్టుకుంటోంది. ముక్కు కింది సంచీ ఒక పక్కకి పొడుచుకొచ్చింది. నోరు తెరిచి చూస్తే గొంతుకి అడ్డంగా నల్లచేప, మూడు ముళ్లూ విప్పుకుని దిగబడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. జగదాంబ మొగుడు రామూర్తి ముక్కు రెండు చేతులా తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ నూనె పోసింది, వేళ్లు పెట్టి లాగింది. లాగితే పిట్ట గొంతు చీరుకుంటోంది. అరగంటకి పిట్ట చచ్చిపోయింది. గొంతులో చేప మాత్రం బతికే ఉంది. పైన గూట్లో పిల్లలు మూడు రోజులు అరిచి ఊరుకున్నాయి. పిట్టలు తిరిగి వెళ్లిపోయేలోగా ఊరంతా కలిపి తొమ్మిది పెద్ద పిట్టలు అలాగే పోయాయి.

"పురిటికొచ్చిన పిల్లకి నా సేత్తో ఇసం పెట్టినాను మావా" అని ఆ రోజంతా ఏడ్చింది జగదాంబ.

రామూర్తి మెతక మనిషి. "ఊరుకోవే. నీకు తెలిసి సేసినావేటి?" అన్నాడు.

తెలిసి చేస్తే ఒక రకం. తెలియక చేసి, కొసరు కోసం చేసి, నవ్వుతూ చేసిందే, దాన్ని ఎలా మింగడం? ఆవిడ ఊరుకోలేదు. మళ్లీ పిట్టలు వచ్చేలోగా రాణీసాగరంలో ఒక్క నల్లచేప మిగలకూడదని పట్టు పట్టింది.

పలాస నుంచి స్కూటీ మీద వచ్చే లక్ష్మీప్రియ అనే అమ్మాయి చేపల శాఖలో పనిచేస్తుంది. చెరువు చుట్టూ తిరిగి చూసి, ఉన్న మాట మొహం మీదే చెప్పింది. "వలలతో అయ్యే పని కాదాంటీ. చెరువు పూర్తిగా ఎండగట్టాలి. బురద పగుళ్లు తీసేదాకా ఎండాలి. తడి బొరియలో ఇవి నెలల తరబడి బతుకుతాయి కాబట్టి ఒక్కో బొరియా తవ్వి తీయాలి. దొరికినవాటిని సున్నం వేసి పూడ్చెయ్యండి. అన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటి. వదిలే నీళ్లు బీడు పొలాల మీద పారి ఇంకిపోవాలి. ఇంకో చెరువులోకి వెళ్లకూడదు. నలుసంత పిల్ల వెళ్లినా కథ మళ్లీ మొదలు."

జగదాంబకి దారి దొరికింది. నడవనిచ్చేవాళ్లే దొరకలేదు.

ఒక ఆఫీసులో చెరువు పంచాయతీది కదా అన్నారు. ఇంకో ఆఫీసులో గట్టు మాది, నీళ్లు మావి కావన్నారు. మూడో ఆఫీసులో చేప పేరు రాసుకుని, అర్జీ అచ్చులో తెమ్మన్నారు. మూలపేట పోర్టుకి రాళ్లు మోసే లారీల దుమ్ములో బస్సుల కోసం నిలబడి నిలబడి ఆవిడ చీరలన్నీ ఒకే రంగుకి వచ్చాయి. పంచాయతీలో మీటింగు పెట్టిస్తే అది మరీ సంబడం. వానలు ఆలస్యమైతే నారుమళ్లకి నీళ్లెక్కడివని ఒకాయన. గేదెలు ఎక్కడ పడుకుంటాయని ఒకాయన. చేప గదా, దాని ఆయుష్షు తీరితే అదే పోతుందని ఇంకొకాయన.

"జగదాంబని సంపడానికి జగదాంబే ఎల్తాదంట!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. బాలకృష్ణ సర్పంచి కాబట్టి మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు.

"నవ్వండి నాయనా, నవ్వండి" అంది జగదాంబ. "తొమ్మిది పిట్టలు సచ్చినప్పుడు ఒక్కడికీ నవ్వు రానేదు గదా. అవి మళ్లీ వొత్తాయి. ఆశగా వొత్తాయి. అప్పుడేటి పెడతారు? గొంతుకి ముల్లా?"

నవ్వు ఆగింది. పని మాత్రం మొదలవలేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టే చైత్రమాసం దాకా గడిచింది. అప్పుడు ఒక సాయంత్రం బొరియలు పడినచోట గట్టు బారెడు మేర కుంగి, నీళ్లు వెళ్లి బాలకృష్ణ మినపచేలో నిలబడ్డాయి. కోతకొచ్చిన చేను కుళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే జగదాంబ గుమ్మంలో నిలబడి, "వొదినా, సాగరం ఎండగట్టీయాల్సిందే" అన్నాడు, ఆ ఆలోచన తనకే వచ్చినట్టు. ఆవిడకి నెత్తి మీద ఒకటి ఇవ్వాలనిపించింది. ఇవ్వకుండా కాఫీ ఇచ్చింది.

వైశాఖంలో చెరువు నీళ్లు బయటికి వదిలే మదుము తలుపు తియ్యాలని నిర్ణయమైంది. అంతలో లొద్దపేట నుంచి జనం వచ్చారు. లొద్దపేట దిగువన నాలుగు కిలోమీటర్ల దూరం. మదుము కాలవ ఆ ఊరి చెరువులోకే పోతుంది. జగదాంబ సొంత చెల్లెలు ఝాన్సీలక్ష్మి అత్తవారిది ఆ ఊరే. అందుకే ఆమెని ముందు పెట్టుకుని వచ్చారు.

"అప్పా, మా సెరువు నెర్రెలిచ్చీసినాది. పశువులకి సుక్క నీరు నేదు" అంది ఝాన్సీలక్ష్మి. "మీరేమో కాలవకి అడ్డుకట్టేసి, సాగరం నీరంతా బీడు మీద పారబోత్తారంట. మా సెరువుకి ఇడిసిపెడితే మీ సొమ్మేటి పోద్ది?"

"సేపలొచ్చీతాయే, పిచ్చిదానా."

"దోమతెర కట్టండి. రెండు కట్టండి. సేపకి దారెక్కడిది?"

"పశువులు నీళ్లకి అల్లాడతంటే పారబోయడం పాపం వొదినా" అన్నాడు బాలకృష్ణ. పాపభీతి ఆయనకి అప్పుడప్పుడు వస్తుంటుంది.

జగదాంబ లక్ష్మీప్రియకి ఫోను చేసింది. అవతలి నుంచి "వద్దాంటీ, దయచేసి వద్దు" అని వినిపించింది. "మూడు తెరలు కడతాను తల్లీ, దగ్గర కూకుంటాను" అంది జగదాంబ. "నేను చెప్పింది చెయ్యనప్పుడు నన్ను అడగడం దేనికి?" అని ఆ పిల్ల ఫోను పెట్టేసింది.

ఆ పిల్ల మాటే నిజమని జగదాంబకి తెలుసు. కాని బియ్యం కడిగిన నీళ్లు కూడా వంగమొక్కకి పోసే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంట్లోనే మెట్టింది. నాలుక బయటపెట్టి రొప్పే ఆవుల్ని చూస్తూ చెరువు చెరువంతా బీటి నేల మీద పారబోయడం ఆవిడ వల్ల కాలేదు. పైగా అడిగింది తోడబుట్టింది. ఊరందరితో పోట్లాడిన నోరు చెల్లెలి దగ్గర మూతపడింది.

మదుముకి మూడు దోమతెరలు, వాటి మీద రెండు పాత చీరలు వరసగా కట్టారు. జగదాంబ గొడుగు వేసుకుని అక్కడే కూర్చుంది. నీళ్లు సన్నగా, పాము జారినట్టు వెళ్లాయి. అరగంటకోసారి మదుము తలుపు మూసి, తెరలకి పట్టిన చెత్త తీసి, నల్లచేపల్ని బుట్టలోకి ఏరి, మళ్లీ కట్టడం. రెండు రోజులు ఆవిడ అక్కణ్నుంచి కదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం చేపల్ని పూడ్చే గోతి దగ్గర సున్నం చాలలేదని పిలిస్తే, మొగుణ్ని కూర్చోబెట్టి వెళ్లింది. తిరిగొచ్చేసరికి తెరలు గట్టు మీద పరిచి ఉన్నాయి. రామూర్తి వాటిని దులుపుతున్నాడు. మదుములోంచి బురదనీళ్లు భళ్లున పోతున్నాయి.

"ఏటి సేత్తన్నావు మావా!" ఆవిడ పెట్టిన కేక అవతలి ఒడ్డుకి వినిపించింది.

"తెరలు ఉబ్బి సిరిగిపోతన్నాయే. పూర్తిగా సిరిగిపోతే మరీ పెమాదం గదా అనీసి ఇప్పినాను. రెండు నిమిషాలు."

"నీటికి అడ్డం ఏటి పెట్టినావు?"

"నానే నిలబడి సూత్తన్నాను గదా. ఒక్క సేప కూడా ఎల్లనేదు."

ఆ బురదలో ఏనుగు వెళ్లినా కనిపించదు. చీరలు మళ్లీ కడుతూ, మొగుణ్ని పుట్టిన రోజు నుంచీ వరసగా తిట్టింది. మంచి చేద్దామనుకున్న మనిషిని ఎంతసేపని తిడతాం? రెండు నిమిషాల్లో ఏం వెళ్తుందిలే అని చివరికి తనకి తనే చెప్పుకుంది. చెప్పుకున్నకొద్దీ ఆ మాట నిజంలాగే వినిపించింది.

నీళ్లు పోయాక, మీటింగులో నవ్వినవాళ్లంతా వచ్చి గట్టు మీద నిలబడి చూశారు. చెరువు అడుగంతా నల్లగా కదులుతోంది. ఏడు ట్రాక్టర్ల చేప. మంచి చేప వెతికితే రెండు బుట్టలు లేదు. ఊరు ఊరంతా గునపాలు పట్టి గట్టు తవ్వింది. బొరియలో చెయ్యి పెట్టి లాగితే అరచెయ్యి కోసుకుపోయేది. గుడ్ల ముద్దలు గుప్పెళ్లతో తీసి సున్నంలో వేశారు. ఆ పదిహేను రోజులూ ఆ చేపని జగదాంబ అని పిలిచినవాడు లేడు. నెల తిరిగేసరికి రాణీసాగరం అడుగు అరచెయ్యంత పెళ్లలుగా పగిలింది. జగదాంబ ఒట్టి కాళ్లతో ఆ పెళ్లల మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నడిచింది. కాళ్లు చుర్రుమన్నాయి గాని, మూడేళ్లలో అంత సుఖమైన నడక లేదు.

వానలు బాగా పడ్డాయి. శ్రావణానికి సాగరం నిండింది. అడుగున రాయి కనిపించేంత తేటనీరు. లక్ష్మీప్రియ కోపం మర్చిపోయి వచ్చి, అయిదు చోట్ల వలలు వేయించి చూసింది. పరిగెలు పడ్డాయి, రెండు జెల్లలు పడ్డాయి. నల్లచేప పడలేదు.

"సాధించారాంటీ. మంచి చేప పెరగడానికి ఒకటి రెండేళ్లు పడుతుంది, ఓపిక పట్టండి" అంది.

పిట్టలకి ఆ మాట ఎవరు చెబుతారు? ఆశ్వయుజంలో అలవాటు ప్రకారం వచ్చాయి. చింతచెట్ల మీద వాలాయి. సాగరంలో రెండు రోజులు మూతులు ముంచి ముంచి చూశాయి. మూడో రోజుకి ఒక్కటి లేదు. ఊరు ఊరంతా బోసిపోయింది. కంపు లేదు, రెట్ట లేదు, ఆ గోల లేదు. "మందేసి రోగంతో పాటు మనిషినీ సంపేసినాది" అని సణుగుడు మొదలైంది. గట్టు తవ్విన చేతులే వేళ్లు చూపించాయి.

రాకపోతే రాకపోయాయి. ఎక్కడో బతికున్నాయి, గొంతుల్లో ముళ్లు లేవు. అంతకన్నా ఏం కావాలి? అని జగదాంబ మొగుడితో అనేది. అని, చీకటి పడేదాకా ఖాళీ చింతచెట్టు వంక చూస్తూ కూర్చునేది.

వారం తర్వాత ఝాన్సీలక్ష్మి ఫోను చేసింది. ఆనందం పట్టలేక అరుస్తోంది. "అప్పా! నీ ఆడపిల్లలు మా ఊరొచ్చీసినాయే! మా సెరువు నిండా అవే. సెట్ల మీద గూళ్లు కూడా కట్టేత్తన్నాయి. నువ్వు రావాల, సారె నీ సేత్తోనే పెట్టాల!"

జగదాంబ అప్పటికప్పుడు తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, పళ్లెంలో పసుపూ కుంకుమా పెట్టుకుని, రామూర్తి బండి వెనక ఎక్కింది. దారంతా మాట్లాడుతూనే ఉంది. తన ఊరైతేనేం, చెల్లెలి ఊరైతేనేం. ఆ నీళ్లు ఇవ్వబట్టే కదా లొద్దపేట చెరువు తేరుకుంది, పిట్టలకి ఇంకో పుట్టిల్లు దొరికింది. రామూర్తి కూడా "సూసినావా మరి" అన్నాడు, చాలాకాలానికి ధైర్యం చేసి.

చెరువు నిజంగానే పండగలా ఉంది. నీళ్ల మీద తెల్లగా గూడబాతులు. ఊరివాళ్లు గట్టు మీద వరసగా నిలబడి, పెళ్లివారిని చూసినట్టు చూస్తున్నారు. ఒకాయన సారె కోసం చిన్న వల లాగి ఒడ్డున కుమ్మరించాడు. పరిగెలు తళతళలాడాయి. వాటి మధ్య వేలెడంత పిల్ల ఒకటి, గోధుమరంగుది, ఒంటి మీద చుక్కలున్నది, వలకి కరుచుకుని ఉంది. ఝాన్సీలక్ష్మి వంగి, దాన్ని రెండు వేళ్లతో అపురూపంగా విడదీసి, జగదాంబ చూస్తుండగానే నీళ్లలోకి వదిలేసింది.

లొద్దపేటవాళ్లు చూసింది ట్రాక్టర్లలో వెళ్లిన నల్లటి పెద్ద చేపల్ని. ఆ చేప చిన్నప్పుడు ఎలా ఉంటుందో వాళ్లకేం తెలుసు? జగదాంబకి తెలుసు. ఒక బకెట్టు నిండా చూసింది.

"ఝాన్సీ, అదేటది?" అడిగింది జగదాంబ.

"ఏటో సుక్కల పిల్ల అప్పా. కొత్తగా పడతన్నాయి, ముద్దుగా ఉంటాయి. పిట్టలున్నన్నాళ్లు సిన్న పిల్ల ఏది పడినా మళ్లీ నీళ్లల్లో వొదిలీయాలని ఊర్లో కట్టడి సేసినాం. పెరిగితే పాపం వాటికే తిండి గదా."

"ఎన్నాళ్లనించి వొదులుతన్నారు?"

"నీళ్లొచ్చిన కాడినించీ. ఎన్నొదిలినామో ఎవులు లెక్కెట్టినారు?"

రామూర్తి మొహం కిందికి వాలిపోయింది. జగదాంబకి ఈసారి అతన్ని తిట్టాలనిపించలేదు. తెరలు విప్పింది అతనే, కాని ఈ చెరువుకి నీళ్లు వదలడానికి ఒప్పుకున్నది తను. ఒకసారి కొసరుకి ఆశపడి, ఒకసారి నీళ్లకి పీనాసితనం చూపించి, రెండు చెరువులు తన చేత్తోనే నాశనం చేసింది. ఇప్పుడు ఈ ఊళ్లో మళ్లీ ఆఫీసులు, మళ్లీ మీటింగులు, మళ్లీ నవ్వులు. ఈలోగా చేప పెరుగుతుంది, పిట్ట మింగుతుంది. కోపమూ ఏడుపూ కలిసి ఏది ఏదో తెలియకుండా పోయింది.

పళ్లెం కింద పెట్టింది. వంగి గట్టు మీది మట్టిపెళ్ల ఒకటి తీసి, బలంకొద్దీ పిట్టల మీదికి విసిరింది.

"పోండే! పోండి ఇక్కడినించి!"

పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. ఊరివాళ్లు హాహాకారాలు చేశారు. ఇంకో పెళ్ల విసిరింది, ఇంకొకటి. కొత్త చీర కుచ్చిళ్లు బురదలో ఈడుస్తూ గట్టు పొడుగునా పరిగెత్తింది. ఝాన్సీలక్ష్మి వెనకాలే వచ్చి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అప్పా! నీకు మతి పోనాదేటి? పురిటికొచ్చిన పిల్లల మీద మట్టేత్తావా?"

జగదాంబ రొప్పుతూ, చెయ్యి విదిలించుకుంటూ, పైకి చూసింది. పిట్టలు చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగి, మనుషులు లేని అవతలి ఒడ్డున ఒక్కొక్కటే మళ్లీ దిగుతున్నాయి. ఆవిడ చెల్లెలి చెయ్యి వదిలించుకుని, ఇంకో మట్టిపెళ్ల తీసుకుని అటువైపు నడిచింది.